రాజాగారి గుర్తింపు సంఘం

గోదావరిఖనిలో ఏ సంగతైనా గేట్ మీటింగ్ పెడితే గాని తేలదు. లాభాల వాటా శాతం, క్వార్టర్ల కేటాయింపు, క్యాంటీన్‌లో పూరీ సైజు, అన్నీ గని గేటు దగ్గర మైకులో తేలాల్సినవే. అలాంటి ఊళ్లో ఇళయరాజా ముచ్చట ఇంట్లో కూర్చుని మెల్లగా మాట్లాడుకుంటామంటే కుదురుతుందా? అందుకని చౌరస్తా దగ్గరి చాయ్ హోటల్ ముందు రోజూ ఆయన కేసు విచారణకు వస్తుంది. ఫస్ట్ షిఫ్ట్ దిగినవాళ్లు స్నానాలు చేసి వచ్చే నాలుగున్నరకు మొదలై, నైట్ షిఫ్ట్ వాళ్లకు మస్టర్ గుర్తొచ్చే పదింటిదాకా నడుస్తుంది. తీర్పు మాత్రం రాదు. వాయిదా పడుతుంది.

ఈ సభకు శాశ్వత అధ్యక్షుడు ఒకడుంటాడు. అతనే రాజా అభిమాని. యైటింక్లయిన్ కాలనీకి పోతే అక్కడొకడు, సెంటినరీ కాలనీలో ఒకడు, ఎన్టీపీసీ టౌన్‌షిప్ గేటు బయట ఇంకొకడు దొరుకుతారు గాని, అందరిదీ ఒకే అచ్చు. రిటైర్మెంటుకు నాలుగైదేళ్లుంటుంది. బాపు మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆ కొలువు ఇతనికొచ్చింది. బదిలీ ఫిల్లర్‌గా చేరి, తట్ట మోసి, నడుం పట్టేసి, చివరికి పంపు మీద పడ్డాడు. పంపు ఆపరేటర్ అంటే భూమి లోపల ఒంటరి డ్యూటీ. నీళ్లు తోడే మోటారు, దాని ముందు ఇతను, తలమీద క్యాప్ ల్యాంపు. సెల్‌ఫోన్ కిందికి తీసుకుపోనివ్వరు. కాబట్టి ఎనిమిది గంటలూ రాజా మీద ధ్యానమే. పంపు చప్పుడు నాలుగు దెబ్బల లెక్కన నడుస్తుందని, వాల్వు లీకైతే నాలుగో దెబ్బ జారుతుందని కనిపెట్టినవాడు ఇతనే. ఓసారి ఓవర్‌మన్ వచ్చి "పంపు ఎట్లున్నది?" అంటే, "బేస్ గిటార్ మంచిగనే ఉన్నది సార్, రిథమే కొంచెం ఎనకబడ్డది" అన్నాడట. ఓవర్‌మన్ కూడా రాజా మనిషే కాబట్టి ఫిట్టర్‌ను పంపాడు. లేకపోతే చార్జిషీటే.

ఇతని ఆస్తి చూడాలంటే క్వార్టర్‌కు పోవాలి. రెండు గదుల ఇంట్లో టీవీ కింది అర మొత్తం క్యాసెట్లే. ఇంటావిడ స్టీలు గిన్నెలు ఆ అర ఖాళీ చేసి మంచం కిందికి పోయి ఎన్నో ఏళ్లయింది. ఆమె ఇంకా స్వాధీనం అడుగుతూనే ఉంది. అవి కొన్న క్యాసెట్లు కావు, నింపించినవి. తెల్లకాగితం మీద పాటల జాబితా రాసి, ఖాళీ టీడీకే 90 క్యాసెట్‌తో కలిపి రికార్డింగ్ షాపులో ఇస్తే, రెండ్రోజుల్లో నింపి ఇచ్చేవాళ్లు. వైపుకు 45 నిమిషాలు. 'అభిలాష', 'సితార', 'రాక్షసుడు', 'స్వర్ణకమలం', 'గీతాంజలి', అన్నింట్లోంచీ ఏరిన పాటలు. ఎంత జాగ్రత్తగా లెక్కేసినా బి సైడు చివరి పాట రెండో చరణం మధ్యలో ఉండగానే టేపు అయిపోయేది. ఇప్పటికీ ఇతను ఆ పాట పాడితే సరిగ్గా ఆ మాట దగ్గర టక్కున ఆగిపోతాడు. తర్వాతది రాక కాదు, పాట అక్కడికే అని ఒంటికి అలవాటైపోయింది.

బొగ్గు దుమ్ముకు టేప్‌రికార్డర్ హెడ్డు ఊరికే నల్లబడేది. అగ్గిపుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, ఊపిరి బిగబట్టి తుడిచేవాడు. నల్లగా వచ్చిన దూదిని ఇంట్లో అందరికీ చూపించి, "గింత బొగ్గు మింగి సుత గొంతు జీరపోలె సూడుండ్రి" అనేవాడు. స్పిరిట్ ఎక్కణ్ణుంచి వచ్చేదో మాత్రం అడగొద్దు.

వినడానికి ఇతని ఇంట్లో స్టాండింగ్ ఆర్డర్లున్నాయి. పల్లవి, చరణం వస్తున్నంతసేపు మాట్లాడుకోవచ్చు, చాయ్ తాగొచ్చు, పిల్లల ఫీజు లొల్లి తేల్చుకోవచ్చు. ఇంటర్‌లూడ్ మొదలైందా, ఇక ఎవరూ నోరెత్తకూడదు. "ఆగుండ్రి, ఫ్లూటు అస్తున్నది" అని చెయ్యెత్తుతాడు. వేటూరి ఏం రాశాడో ఇన్నేళ్లుగా వింటున్నా పట్టించుకోలేదు గాని, ఆ మాటల వెనక వయొలిన్లు ఎన్ని మెట్లెక్కి ఎన్ని దిగాయో చూపుడువేలితో గాల్లో గీసి చూపిస్తాడు. ఫోన్ రింగ్‌టోన్ కూడా పాట కాదు, రెండో చరణం ముందొచ్చే బిట్టు. అది పూర్తయ్యేదాకా ఫోనెత్తడు. కూతురి సంబంధం వాళ్లు మూడుసార్లు చేసి, ఈ ఇంట్లో ఫోనెత్తే దిక్కు లేదని వేరే పిల్లను చూసుకున్నారని ఇంటావిడ ఫిర్యాదు. ఇతని సమాధానం: "బిట్టు అయ్యేదాక ఆగకుండ కట్ చేసిండ్రంటె వాళ్లింట్ల సంగీతం లేదన్నట్టే. మంచిగనే అయింది."

2025 మార్చి 8న ఈ మనిషికి పెద్ద పండగొచ్చింది. ఇళయరాజా రాసిన 'వాలియంట్' అనే సింఫనీని లండన్‌లోని ఈవెంటిమ్ అపోలో హాల్లో రాయల్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందం వాయించింది. నాలుగు భాగాల రచన. 34 రోజుల్లో రాశానని ఆయనే చెప్పారు. అప్పటికి ఆయన వయసు 81. మర్నాడు సాయంత్రం అధ్యక్షుడు తన సీటులో కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

"మనల్ని 61కి ఇంటికి పంపుతరు. ఆయన 81కి లండన్ల డ్యూటీ ఎక్కిండు. గదీ మనిషంటె."

"ఎట్లున్నదన్నా మ్యూజిక్కు?" అన్నాడు రెహమాన్ తరం కుర్రాడొకడు.

"ఎట్లుంటది! రాజా లెక్కనే ఉన్నది."

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ సింఫనీని ఇక్కడెవరూ వినలేదు. ఫోన్లలో తీసిన ముక్కలు డౌన్‌లోడ్ చేసుకుని వినొద్దని, అది ఎదురుగా కూర్చుని అనుభవించాల్సిన సంగీతమని, 13 దేశాల్లో వాయించబోతున్నామని చెన్నైకి తిరిగొచ్చాక రాజా చెప్పారు. ఆ 13 దేశాల దారిలో గోదావరిఖని తగిలే సూచన లేదు. అయినా చర్చ ఆగిందా? నెలల తరబడి నడిచింది. వింటే ఏదో ఒకటి ఒప్పుకోవాల్సి వస్తుంది. వినకపోతే ఎంతసేపైనా వాదించుకోవచ్చు. పైగా అధ్యక్షుడికి ఇందులో సీనియారిటీ ఉంది. 1993లో కూడా రాజా లండన్ పోయి రాయల్ ఫిల్హార్మోనిక్ వాళ్లతోనే ఒక సింఫనీ రికార్డు చేశారు. అది బయటికి రాలేదు. దాన్ని వినకుండానే ముప్పై ఏళ్లకు పైగా పొగిడినవాడికి ఇదొక లెక్కా?

"మొదటి భాగం కాంగనే మనోళ్లు చప్పట్లు కొట్టిండ్రట. సింఫనీల నాలుగు భాగాలు అయ్యేదాక కొట్టరట గదా?" అన్నాడు కుర్రాడు ఫోన్లో చదివి. ఈ సంగతి రాజానే చెప్పుకున్నారు.

"కొడ్తరు మల్ల. ఫస్ట్ షిఫ్టోళ్లు టార్గెట్ కొడ్తె వాళ్లను గప్పుడే మెచ్చుకోవాలె గని, నైట్ షిఫ్ట్ దిగేదాక ఆగుతరా?" అని అధ్యక్షుడు రూలింగ్ ఇచ్చాడు.

రాజా అభిమానులంతా ఒకటే అనుకునేరు. సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నికలు 2023 డిసెంబర్ 27న జరిగి ఏఐటీయూసీ గెలిచింది గాని, చాయ్ హోటల్ ముందు ఎన్నిక ఇంకా పెండింగే. బరిలో మూడు సంఘాలున్నాయి. మొదటిది అధ్యక్షుడిది. రాజా ఏం చేసినా రైటే. రెండోది బాలు పక్షం. పాటలన్నీ రైటు, నోటీసులే తప్పు. మూడోది కుర్రాళ్లది. పాటలు మంచివే గాని సౌండు పాతది. ఈ మూడో సంఘం అప్పుడప్పుడు రాజా కొడుకు యువన్ శంకర్ రాజా పేరు ఎత్తుతుంది. అప్పుడు మిగతా రెండు సంఘాలూ కలిసి ఒకే జవాబిస్తాయి: "సింగరేణిల వారసత్వ ఉద్యోగాలను 2017ల హైకోర్టు కొట్టేసింది గని, మ్యూజిక్కుల ఎవడాపుతడు!" దాంతో కుర్రాళ్ల డిపాజిట్ గల్లంతు.

బాలు పక్షానికి నాయకుడు ఒక పాత పిట్ సెక్రటరీ. ఊరంతా కాకా అంటారు. నలభై ఏళ్లు జెండా మోసిన మనిషి. 2017 మార్చి పేరెత్తితే గొంతు పూడుకుపోతుంది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుండగా, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని రాజా తరఫున లాయరు నోటీసు వెళ్లింది. బాలు ఎదురు తిరగలేదు. చట్టం అదే అయితే పాటిస్తానని చెప్పి, ఆ పాటలు పక్కనపెట్టి మిగతావాటితో కచేరీలు నడుపుకున్నాడు.

"పేరు రాకముందు బాలు ట్రూపుల వాయించినోడు గాదా రాజా? ఆ పాటలకు పాణం బోసిన గొంతుకే తాళమేస్తరా?" అని కాకా బల్ల గుద్దుతాడు. చాయ్ గ్లాసులు గలగలమంటాయి.

"2019ల మల్ల ఇద్దరు ఒక్కటే స్టేజీ ఎక్కిండ్రు గదనే. వాళ్లే రాజీ పడ్డంక నీదేంది లొల్లి?"

"రాజీ వాళ్లకైంది. నాకు గాలె."

ఈ ఇద్దరి వాదం కాస్త దగ్గరగా వింటే ఒక తమాషా కనిపిస్తుంది. కష్టపడ్డవాడికి వాటా కావాలని నలభై ఏళ్లు గొంతు చించుకున్న కాకా, పాట దగ్గరికొచ్చేసరికి అచ్చం మేనేజ్‌మెంట్ భాష మాట్లాడతాడు. "పని చేసిండు, పైసలు తీస్కున్నడు, అయిపాయె. పెట్టుబడి పెట్టింది నిర్మాత. ఇంకేం హక్కు?" ఇక మన అధ్యక్షుడు బతుకులో ఒక్క ధర్నాలో కూర్చోలేదు. సమ్మె రోజు కూడా, పంపు ఆగితే గని మునుగుతుందని చెప్పి తప్పించుకుని డ్యూటీకి పోయే రకం. అలాంటివాడు పాట దగ్గర మాత్రం పక్కా యూనియన్ లీడరైపోతాడు.

"నువ్వు తీసిన బొగ్గు ఒక్కపారి మండుతది కాకా. ఆయన తీసింది యాభై ఏండ్ల సంది మండుతనే ఉన్నది. మండినప్పుడల్ల టబ్బు లెక్క రాయాల్నా, వద్దా?"

ఈ మాటతో సభలో సగం మంది అటు మొగ్గుతారు. ఎందుకంటే లాభాల వాటా అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. 2024-25 లాభాల్లో కార్మికులకు 34 శాతం వచ్చింది. అంతకుముందు ఏడు 33. ఆ ఒక్క శాతం పెరగడం వెనక ఎంత నడిచిందో అందరికీ తెలుసు. సంగీత దర్శకులకు, రచయితలకు రాయల్టీ హక్కును గట్టిచేస్తూ 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారని కుర్రాడు చదివి వినిపిస్తే, "సూసినవా, వాళ్లకు సుత అగ్రిమెంట్ ఉన్నది" అని అధ్యక్షుడు మీసం దువ్వుకున్నాడు.

"సింగరేణిల రాష్ట్రానికి 51, కేంద్రానికి 49. మరి పాటల ఎవలకెంత?" అని ఒకరోజు ఎవరో అగ్గి రాజేశారు. ఆ సాయంత్రమంతా వాటాల పంపకమే. అధ్యక్షుడు ముందే సంగీతానికి 51 రాసి పక్కన పెట్టుకున్నాడు. బాలుకు 40 తగ్గితే ఒప్పుకోనన్నాడు కాకా. మాటలు రాసినాయనకు 9 మిగిలింది. జానకమ్మ సంగతేంటని చాయ్ హోటలాయన అడిగాడు. చిత్ర, శైలజ కూడా ఉన్నారని ఇంకొకడు గుర్తుచేశాడు. ఆడవాళ్ల పాటలకు వేరే రిజిస్టర్ పెట్టాలని, తబలా వాయించినవాళ్లకు దీపావళి బోనస్ మాత్రమేనని తీర్మానించి లేచారు.

వీళ్లనే నవ్వడానికి లేదు. ఇలాంటి లెక్క మద్రాసు హైకోర్టులోనూ వచ్చింది. 2024 ఏప్రిల్‌లో ఎకో రికార్డింగ్ కంపెనీతో నడుస్తున్న కేసులో, మాటలు లేకుండా పాట ఎక్కడుంది, రేపు రచయిత వచ్చి హక్కు అడిగితే ఏం చేస్తారని ధర్మాసనం ప్రశ్నించింది. అంతకు కొద్ది రోజుల ముందే, హక్కుల విషయంలో రాజా అందరికన్నా పైనే అన్న అర్థంలో ఆయన న్యాయవాది మాట్లాడితే, అలా అనుకోవడం త్యాగరాజు, దీక్షితులు, శ్యామశాస్త్రులకు చెల్లుతుందని న్యాయమూర్తి వ్యాఖ్యానించారు. ఆ వార్త వచ్చిన రోజు అధ్యక్షుడు మొహం చాటేస్తాడనుకున్నాం. స్వీట్ డబ్బాతో వచ్చాడు.

"పోల్చనీకి జడ్జిగారికి సుత ముగ్గురే దొరికిండ్రు. నాలుగో కుర్చీ ఎవలదో చెప్పకనే చెప్పిండు!"

2025 ఏప్రిల్‌లో నోటీసు మన తెలుగు నిర్మాణ సంస్థ మైత్రీ మూవీ మేకర్స్ గుమ్మం తొక్కింది. 'గుడ్ బ్యాడ్ అగ్లీ' అనే తమిళ సినిమాలో తన పాత పాటలు వాడుకున్నారని రాజా 5 కోట్లు అడిగారు. "అయిదు కోట్లా! గా పాట రాంగనే థియేటర్ల విజిల్లు పడ్డయంటె పాటకే గద మర్యాద" అన్నాడు కాకా. "విజిలు పాటకు పడితె పైసలు సుత పాటకే పోవాలె" అని అధ్యక్షుడు అక్కడికక్కడే బిల్లు పాస్ చేయించుకున్నాడు. తన మాటతో తనే పడిపోయినట్టు కాకాకు ఇంటికి పోయాక గాని తెలియలేదు.

మర్నాడు కాకా కసితో వచ్చాడు. "మన దిక్కు పాటకు ఓనరుంటడారా? గద్దర్ పాట ఎన్ని గనుల మీద ఎంతమంది పాడిండ్రు? ఒక్కనికన్న నోటీసొచ్చిందా?" ఇది కొట్టిపారేసే మాట కాదు. ఈ బొగ్గు నేల మీద పాట డప్పుతో పుట్టి గేట్ మీటింగుల్లో పెరిగింది. ఎవరి గొంతున పడితే వారిదే అయ్యింది. అధ్యక్షుడు కూడా చాయ్ ఊదుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. "నిజమే కాకా. గద్దరన్న పాట మీద ఎవడు బంగ్లా కట్టలె. రాజా పాట మీద కట్టినోళ్లు ఎందరో లెక్కబెట్టు. గాళ్లనే అడుగుతుండు ఆయన, నిన్నా నన్నా?"

పాటలు వదిలి మనిషి మాట దగ్గరికొస్తే మాత్రం అధ్యక్షుడికి చెమటలే. 2022 ఏప్రిల్‌లో ఒక పుస్తకానికి రాసిన ముందుమాటలో రాజా ప్రధాని మోదీని అంబేడ్కర్‌తో పోల్చారు. జూలైలో ఆయన్ని రాజ్యసభకు నామినేట్ చేశారు. ఆ రోజుల్లో అంబేడ్కర్ సంఘాల్లో తిరిగే రాజా అభిమానులు చాయ్ హోటల్ ముందు కుర్చీలు వేరే వేసుకున్నారు. పాటలు వింటాం, ముందుమాటలు చదవం అని తీర్మానం చేశారు. "ఆయన రాసిన స్వరాలు సూడుండ్రి గని అక్షరాలు ఎందుకు సూస్తరు?" అని అధ్యక్షుడు బతిమాలుకున్నాడు. ఎవరూ కుర్చీ జరపలేదు.

ఆ కుర్చీలు మళ్లీ కలిసింది 2024 డిసెంబర్‌లో. శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ గుడిలో రాజాను అర్థమండపం నుంచి బయటికి రమ్మన్నారంటూ ఒక వీడియో తిరిగింది. అవన్నీ వదంతులని, ఆత్మగౌరవం విషయంలో తాను రాజీ పడే మనిషిని కానని రాజానే ప్రకటించారు. ఆ ప్రకటన చదివాక కూడా అందరికన్నా ఎక్కువ ఊగిపోయింది కాకానే. "నోటీసు ముచ్చట మనింట్ల లొల్లి. బయటోడు మాటంటె ఊకుంటమా?" అని అధ్యక్షుడి పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆ ఐక్యత నోటీసు పేరు మళ్లీ వచ్చేదాకా నిలిచింది.

ఇన్ని గెలిచిన అధ్యక్షుణ్ని ఓడించింది మూడో సంఘం. 2025 ఎండాకాలంలో ఓ సాయంత్రం రెహమాన్ తరం కుర్రాడు చల్లగా అడిగాడు.

"అన్నా, రాయల్టీ రాయల్టీ అంటున్నవ్ గద. నీ టీవీ కింద క్యాసెట్లన్ని రికార్డింగ్ షాపుల నింపిచ్చినయే గదా. గండ్లకెల్లి రాజాకు పోయిందెంత?"

కాకా చాయ్ తాగడం ఆపాడు. అధ్యక్షుడు జేబులు తడుముకున్నాడు, ఫోన్ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. చివరికి సింగరేణి కార్మికుడికి మాత్రమే తట్టే జవాబు తట్టింది.

"బాకీ ఉన్న తమ్మీ. ఎరియర్స్ కింద కడ్త."

మర్నాడే చందా పుస్తకం తెచ్చాడు. క్యాసెట్‌కు పది రూపాయల చొప్పున తన పేరు ముందు రాసి, మిగతావాళ్లను వాళ్ల వాళ్ల ఆత్మసాక్షి ప్రకారం రాయమన్నాడు. కాకా కూడా రాసి, 'బాలు వాటా విడిగా పంపాలి' అని కింద షరతు పెట్టాడు. కుర్రాళ్లు నెలనెలా యాప్‌కు కడుతున్నామని చెప్పి తప్పించుకున్నారు. పైసలు జమయ్యాయి. పంపడమెట్లా? అడ్రస్ ఎవరికీ తెలియదు. లాయరు ద్వారా కనుక్కుందామని ఒకరంటే, మనంతట మనమే ఒప్పుకున్నట్టయి నోటీసు వస్తుందని ఇంకొకరు భయపెట్టారు. కోశాధికారి ఎవరన్నదాని మీద సంఘం రెండుగా చీలింది. ఈలోగా జూన్ 2 వచ్చేసింది.

రాజా పుట్టింది జూన్ 3న. అది కరుణానిధి పుట్టినరోజు కూడా కావడంతో ఆయన 2నే జరుపుకుంటారు. తెలంగాణ రాష్ట్రం వచ్చింది కూడా జూన్ 2నే. కాబట్టి ఆ పొద్దు ఊరంతా జెండాలు, లైట్లు, పాటలు ఎందుకో అధ్యక్షుడికి తన లెక్క తనకుంది. ఫ్లెక్సీ లేకుండా ఆ రోజు గడవదని రెండు వర్గాలూ ఒప్పుకున్నాయి. ఖర్చు కలిసొస్తుందని రెండు పండగలకూ ఒకటే కొట్టించారు. పైన అవతరణ దినోత్సవ శుభాకాంక్షలు, నడుమ తెల్లబట్టల్లో రాజా, కింద చందా ఇచ్చినవాళ్ల ఫొటోలు. ఎవరి ఫొటో చిన్నగా వచ్చిందని వాళ్లు అలగడంతో అందరివీ పెంచాల్సి వచ్చి, రాజాది కొంత తగ్గించారు. చౌరస్తాలో అది చూసి, కొత్తగా వచ్చిన కాంట్రాక్టు కార్మికుడొకడు ఆ తెల్లబట్టలాయన ఏ పార్టీ లీడరని అడిగాడు. చందా మొత్తం ఆ ఫ్లెక్సీకి, దాని ముందు పంచిన పులిహోరకు సరిపోయింది.

"మరి రాజా ఎరియర్సో?" అన్నాడు కుర్రాడు, పులిహోర తింటూనే.

"అస్తయి తియ్ తమ్మీ. పదకొండో వేజ్‌బోర్డువి 2021 జూలై సంది రావాల్సినయి మనకెప్పుడిచ్చిండ్రు? 2023 సెప్టెంబర్‌ల. ఆయన సింఫనీ కోసం 1993 సంది మనం ఆగుతలేమా? మన పైసల కోసం ఆయన రెండేండ్లు ఆగలేడా?"